మోదుగుపూల పరీక్ష

రజాకార్ల గోల సద్దుమణిగిన ఏడాది ముత్తయ్య సూర్యాపేటలో తన పెరట్లో పాయిఖానా కట్టించాడు. మిర్యాలగూడ సావుకారు ఇంట్లో చూసొచ్చిన మోజు. మురుగంతా దిగడానికి కింద ఇటుకల తొట్టి, దాని మీద బండ. ఆ చోటు బావికి మరీ దగ్గరని భార్య లచ్చమ్మ మొదటిరోజే చెప్పింది. ఆమె చెప్పింది కాబట్టే అక్కడే కట్టించాడు.

హోలీ పండగ, కాముని పున్నమి నాటికి బావినీళ్లు కంపు కొట్టాయి.

“తొట్టి కారుతుంది,” అంది లచ్చమ్మ. ఆమెది కోదాడ. మాట మెత్తన, పట్టు గట్టి.

“సుక్క గూడ కారది. నీ ముక్కు ఖరాబైంది.”

“వాడకట్టు ముక్కులన్నీ ఒక్కసారే ఖరాబైనయ్యా? పండక్కి ఉడకబెట్టిన మోదుగుపూల రంగుంది. తొట్టిలో పొయ్యి. బావిలోకి రంగొస్తే తొట్టి నువ్వే పూడ్చాలి.”

“రాకపోతే?”

“ఆ నీళ్లే తాగుతా. ఇక నోరెత్తను.”

నోరెత్తని లచ్చమ్మ! ఆ ఆశకే ముత్తయ్య ఒప్పుకున్నాడు. కుండ ఎత్తుకుని పెరట్లోకి పోయాడు. అయితే ఆ తొట్టి మీద అతనికీ నమ్మకం లేదు. రంగంతా పెంటకుప్ప మీద కుమ్మరించి, మీసం దువ్వుకుంటూ తిరిగొచ్చాడు.

తెల్లవారి పక్కింటి బీరన్నను సాక్ష్యానికి పిలిచి బావిలో బొక్కెన వేశాడు. నీళ్లు పెళ్లివారి మీద చల్లేంత ఎర్రగా వచ్చాయి.

“కారింది గదనే, ముత్తన్నా!” అన్నాడు బీరన్న.

“ఎట్ల కారుతది? నేను తొట్టిల పొయ్యనే లేదు!”

అన్నాక నాలుక కరుచుకున్నాడు.

“తెలుసు,” అంది లచ్చమ్మ. “పెంటకుప్ప మీద కోళ్లన్నీ కాళ్లకు పారాణి పెట్టుకుని తిరుగుతుంటే చూశా. ఇంట్లో మిగిలిన రెండో కుండ రంగు బావిలో పోసింది నేనే.”

“గట్లయితే కారుతున్నట్టు రుజువేది? బావి మొత్తం తోడుత. అడుగు దాక దిగి సూపిస్త!”

పంతం పంతమే. మధ్యాహ్నానికి బీరన్న చేతులు బొబ్బలెక్కాయి, బావి అడుగు తేలింది. ముత్తయ్య దిగాడు. తొట్టి వైపు రాళ్ల సందుల్లోంచి సన్నగా ఊట కారుతోంది. దానికి రంగు లేదు. కంపు ఉంది.

పైనుంచి లచ్చమ్మ తొంగిచూసింది. “ఏమయ్యా, చెమ్మేమన్నా ఉందా?”

“ఏం లేదు. అన్ని ఎండిపోయి ఉన్నయ్.”

“మరి ముక్కెందుకు మూసుకున్నవ్?”

ముత్తయ్య ముక్కు వదలలేదు. రెండో చేయి పైకి చాచాడు.

“జర తాడందియ్యి. పార యాడుందో సూడు.”