మామిడితోటలో జర్మన్ అమ్మవారు

ఆ గురువారం పొద్దున అనిల్‌కుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మామిడితోటలోకి వెళ్లి ఎవరూ వినకుండా ఓ గంట జర్మన్ చదువుకోవాలి. ఇంటికొచ్చి తలంటు పోసుకోవాలి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇల్లు చూడ్డానికి పెనుబల్లి నుంచి వస్తున్న ఆడపిల్లవాళ్ల ముందు బుద్ధిమంతుడిలా కూర్చోవాలి. అంతే. ఇంత చిన్న పథకాన్ని తగలేయాలంటే ప్రత్యేకమైన ప్రతిభ కావాలి. ఆ ప్రతిభ అనిల్‌కుమార్‌కు పుట్టుకతోనే వచ్చింది, ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు.

అసలీ జర్మన్ గొడవ పెళ్లిచూపుల్లో మొదలైంది. పద్మప్రియ సత్తుపల్లిలో డిగ్రీ చదివిన పిల్ల. పెద్దవాళ్లు ఇద్దర్నీ "ఏమన్నా మాట్లాడుకోండి" అని పెరట్లోకి పంపితే, అనిల్‌కుమార్ అక్కడున్న కరివేపాకు చెట్టు ఆకులు లెక్కపెడుతూ నిలబడ్డాడు. ఆ అమ్మాయే ధైర్యం చేసి, "మీకు ఎరువుల దుకాణం కాకుండా ఇంకేమన్నా వచ్చాండీ?" అని అడిగింది. ఉన్నమాట చెప్పాలంటే నిద్ర అని చెప్పాలి. అది చెప్పలేక, "జర్మన్ వచ్చండి" అనేశాడు. జర్మనే ఎందుకంటే, దుకాణంలో అమ్మే మందుకొట్టే పంపు మీద ఆ దేశం పేరు రోజూ కళ్లబడుతుంది. వేరే కారణం లేదు.

పద్మప్రియ కళ్లు ఇంతలేసి చేసుకుని, "అబ్బ! పరాయి దేశపు భాష వచ్చినవాళ్లంటే నాకెంత గౌరవమో! ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు వినిపిస్తారా?" అంటూ నవ్వింది. ఆ నవ్వు చూశాక "అబద్ధమండీ" అనగలిగిన మగవాడు ఈ భూమ్మీద ఉంటే ఉండొచ్చు, అనిల్‌కుమార్ మాత్రం కాదు. ఈ పిల్ల కాకపోతే ఇక తనకు పెళ్లే వద్దని అక్కడే, ఆ కరివేపాకు చెట్టు పక్కనే తీర్మానించుకున్నాడు.

మర్నాడే ఖమ్మం బస్టాండులో జర్మన్ నేర్పే తెలుగు పుస్తకం ఒకటి కొన్నాడు. పరాయి భాష నేర్చుకుంటే జ్ఞాపకశక్తి పెరుగుతుందని, సంఘంలో గౌరవం కలుగుతుందని, కొత్త స్నేహాలు ఏర్పడతాయని అందులో ముందుమాట ఊరించింది. కొన్నాళ్లు కుస్తీ పట్టి మూడో పాఠం దాకా వచ్చాడు. ఇంట్లో చదివితే అమ్మ సీతారావమ్మ వింటుంది, ఆవిడ వింటే పాల్వంచ దాకా వింటుంది. అందుకే ఊరి బయట, అడవిని ఆనుకుని ఉన్న తమ మామిడితోటను బడిగా చేసుకున్నాడు.

"బిగ్గరగా, అభినయంతో సాధన చేయవలెను" అని పుస్తకంలో ఉంది. అనిల్‌కుమార్ చెప్పినట్టు వినే శిష్యుడు. తలకు నూనె పట్టించుకుని, పసుపుపచ్చ లుంగీ కట్టుకుని, కళ్లు మూసుకుని, "వో ఇస్ట్ డెర్ బాన్‌హోఫ్?" అని అరుస్తూ చేతులు తిప్పాడు. రైల్వేస్టేషన్ ఎక్కడుంది అని దానర్థం. "లింక్స్!" అని ఎడమవైపు చెయ్యి విసిరాడు. పదాలు గుర్తుండటానికి ముందుకూ వెనక్కూ ఊగాడు.

సరిగ్గా అప్పుడే ఇప్పపువ్వు ఏరుకుని గంపతో వస్తోంది పక్క గూడెం కొండమ్మ. నూనె కారుతున్న జుట్టు, పసుపు బట్ట, మూసిన కళ్లు, ఊగుడు, ఈ లోకంలో ఎవరూ వినని మాటలు. ఆ చుట్టుపక్కల ఇవన్నీ ఒక్కచోట కనబడితే దాని భావం ఒక్కటే.

"ఓ దూలయ్య మామా! జల్దీ రా! అనిల్ బాబు మీదికి అమ్మ వచ్చింది!" అని కేకేసి కొండమ్మ గంప దించి సాష్టాంగపడింది. "తల్లీ, నా మేక రెండొద్దుల సంది కనవడ్తలేదు. యాడున్నదో చెప్పు తల్లీ!"

అనిల్‌కుమార్ కళ్లు తెరిచి బిక్కచచ్చిపోయాడు. జర్మన్ నేర్చుకుంటున్నానని చెప్పొచ్చు. కానీ నేర్చుకుంటున్నాడంటే రాదనేగా అర్థం! ఆ మాట కాఫీల వేళకి పెనుబల్లివాళ్ల చెవిన పడదూ? ఈ ఒక్కామెను ఎలాగోలా పంపేస్తే చాలనుకుని, గంభీరంగా "లింక్స్!" అని మళ్లీ ఎడమవైపు చెయ్యి చూపించాడు. ఎడమవైపు మిరప కల్లం ఉంది. కొండమ్మ మేక కూడా, అతని ఖర్మ కొద్దీ, అక్కడే ఉంది.

మేక దొరికిన కబురు గూడెంలోకీ ఊళ్లోకీ ఒకేసారి వెళ్లింది. కాసేపట్లో తోట నిండిపోయింది. వేపమండలొచ్చాయి, బంతిపూల దండొచ్చింది, డోలొచ్చింది, బిందెలతో పసుపునీళ్లొచ్చాయి. అందరికంటే ముందు దూలయ్య వచ్చాడు. ఎవరి మీదికి అమ్మవారు వచ్చినా ఎదురుగా నిలబడి అడిగేదీ, చెప్పింది విని జనానికి విప్పి చెప్పేదీ ఆ పెద్దమనిషే.

"ఏ ఊరి తల్లివమ్మా? మాతోని ఏమన్న తప్పయిందా?" అని దూలయ్య చేతులు జోడించాడు.

వ్యవహారం ముదిరిందని అనిల్‌కుమార్‌కు అర్థమైంది. పోయిన పరువు పోనీ అనుకుని, "దూలయ్యా, నేను అనిల్‌ని. నాకేం కాలేదు" అన్నాడు.

"అగో, అమ్మ దిగిపోతున్నది! డోలు కొట్టున్రి! ఇంక అడగాల్సినయి మస్తున్నయ్!" అని దూలయ్య గాభరాపడ్డాడు. జనం కష్టసుఖాలు అడక్క ముందే అమ్మవారిని పోనివ్వడం అక్కడ మర్యాద కాదు. డోలు మోగింది. ఒక బిందెడు పసుపునీళ్లు అనిల్‌కుమార్ నెత్తిన పడ్డాయి. ఉక్కిరిబిక్కిరై "అయ్యో, ఆగండి!" అన్నాడు. రెండో బిందె పడింది. మూడో బిందె ఎత్తుతుంటే భయంతో "డెర్ కఫే ఇస్ట్ కాల్ట్!" అని అరిచాడు. కాఫీ చల్లారిపోయింది అని. బిందె ఆగింది. జనం దణ్ణం పెట్టారు.

తెలుగు మాట్లాడితే తడవాలి, జర్మన్ మాట్లాడితే ఆరొచ్చు. ఇంత మంచి పద్ధతిలో పాఠం చెబితే ఎవరికైనా వస్తుంది. నిన్న రాత్రి ఎంత తన్నుకున్నా గుర్తురాని మాటలన్నీ వరసగా నోట్లోకొచ్చాయి. వాన పడుతుందా అని ఒకరడిగితే మా మామయ్యకు ఒంట్లో బాలేదని చెప్పాడు. కొడుక్కి నౌకరీ వస్తుందా అని ఒకరడిగితే రెండు టికెట్లు కావాలన్నాడు. దూలయ్య తడుముకోకుండా అన్నిటికీ అర్థం చెబుతూనే ఉన్నాడు.

ఇంతలో సీతారావమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఒరేయ్ వెధవా, వాళ్లొచ్చే వేళకి ఇదేం..." అంటూ కొడుకు వాలకం చూసి చెప్పులు విడిచేసింది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆవిడ నోటి వెంట "వెధవా" తప్ప ఇంకో పిలుపు ఎరగని అనిల్‌కుమార్ కాళ్ల మీద, ఆవిడే భక్తిగా పడి, "అమ్మా తల్లీ, ఈ సంబంధం కుదురుతుందా?" అని అడిగింది. సంఘంలో గౌరవం అంటే ఇదే కాబోలు అనుకున్నాడు అనిల్‌కుమార్. ముందుమాట రాసినాయన దొరికితే బాగుండుననీ అనుకున్నాడు. మళ్లీ మామయ్య అనారోగ్యం సంగతే చెప్పాడు.

"కుదురుద్దంట గని, మధ్యల కొంచెం గడబిడ ఉన్నదంట" అన్నాడు దూలయ్య.

గడబిడ అప్పటికే జీపు దిగింది. ఇంట్లో ఎవరూ లేకపోయేసరికి, డోలు చప్పుడు పట్టుకుని పద్మప్రియతో సహా తోటలోకి వచ్చాడు ఆమె తండ్రి చెంచురామయ్య. కాబోయే అల్లుడు నెత్తిన వేపాకులతో, మెడలో దండతో, పసుపు ఓడుతూ ఊగుతున్నాడు.

"ఏంటండీ ఇది, సీతారావమ్మ గారూ?"

"అమ్మవారండీ అన్నయ్యగారూ. మావాడి మీదికి..."

"మేం పిల్లనిద్దామనుకుంది మనిషికండీ. పూనకాలొచ్చి ఊగేవాడికి కాదు. పదవే అమ్మాయ్, జీపెక్కు." చెంచురామయ్య మొహం కందగడ్డ అయిపోయింది.

అనిల్‌కుమార్ ఊగడం ఆపేశాడు. ఇంక దాచి లాభమేముంది? అబద్ధాలకోరునని తెలిసినా సరే, పిచ్చివాడిని మాత్రం కాదని ఆ పిల్లకు తెలిస్తే చాలనుకున్నాడు. "పద్మప్రియగారూ, నాకు జర్మన్ రాదండీ!" అని గొంతు చించుకున్నాడు. డోలు హోరులో ఆ మాట ఎవరికీ వినబడలేదు. తెలుగని మాత్రం దూలయ్యకు తెలిసింది, మూడో బిందె కుమ్మరించాడు. సగం నీళ్లు డోలు మీద పడి దాని నోరు మూతపడింది. పద్మప్రియ వెనక్కి తిరిగింది. జీపువైపు నడుస్తున్న ఆ జడను చూస్తుంటే అనిల్‌కుమార్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో తనకొచ్చిన ఆఖరి వాక్యం బయటికొచ్చింది.

"ఇష్ బిన్ హీర్ ఫ్రెమ్ట్." నేనిక్కడికి కొత్త అని దానర్థం.

పద్మప్రియ ఆగిపోయింది. మెల్లగా తిరిగి చూసింది. పెదవులు కదిపింది. తర్వాత జడ విప్పి, కళ్లు మూసి, ఒక్కసారి గిర్రున తిరిగి, "ఇష్ ఔఖ్!" అని కేక పెట్టింది.

నేనూ అంతే అని!

"డెర్ కఫే ఇస్ట్ కాల్ట్!" అన్నాడు అనిల్‌కుమార్ నోరెళ్లబెట్టి.

"డెర్ త్సూగ్ కొమ్ట్ ష్పేట్!" అంది పద్మప్రియ ఊగుతూ. రైలు ఆలస్యంగా వస్తుంది అని.

సంగతేమంటే, జర్మన్ వచ్చిన పెళ్లికొడుకు ముందు తెల్లమొహం వేయకూడదని ఆ పిల్ల కూడా అదే పుస్తకం కొనుక్కుంది. ఆమెది కూడా మూడో పాఠమే. ఏమన్నా అడిగితే ఎలాగా అని దారంతా జీపులో దేవుళ్లకు మొక్కుకుంటూ వచ్చింది. ఎదుటివాడి నోట తన మూడో పాఠంలోని ఆఖరి వాక్యమే రావడం వినేసరికి అంతా అర్థమైంది. తన లాంటి వాడే ఇంకొకడు ఉన్నాడని సంతోషం పట్టలేకపోయింది.

దూలయ్య రెండు చేతులూ పైకెత్తాడు. "ఇద్దరు తల్లులు అక్కచెల్లెండ్లంట! ఎన్నడో ఇడిపోయిన్రంట. ఒక్కింట్ల ఉంటమంటున్నరు. జల్దీ పెండ్లి చెయ్యున్రి!"

చెంచురామయ్య జీపు తాళాలు మళ్లీ జేబులో వేసుకున్నాడు. సీతారావమ్మను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "అమ్మా, మా పిల్లకి ఇట్లా వస్తదని మాకే తెలీదు. ఈ సంగతి పెనుబల్లిలో పొక్కితే దాన్నెవరు చేసుకుంటారండీ? మీరు కాదంటే మా గతేంటి?"

సీతారావమ్మ వెంటనే కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది. "చూద్దాం లెండి అన్నయ్యగారూ. ఊగే పిల్లంటే మేమూ నలుగురితో ఆలోచించుకోవాలిగా."

"అమ్మా!" అని అచ్చ తెలుగులో అరిచాడు అనిల్‌కుమార్. నాలుగో బిందె పడింది. కొడుకు మొహంలో తడి చూసి ఆవిడ మనసు కరిగిందో, దూలయ్య చూపు చూసి జడిసిందో, "సరే, ఆ తల్లి మాట కాదంటామా" అంది. ఆ నెల్లోనే ముహూర్తం పెట్టేశారు.

పెళ్లయ్యాక ఇద్దరూ నాలుగో పాఠం ముట్టుకోలేదు. అయినా జర్మన్ వల్ల వాళ్ల కాపురానికి మేలే జరిగింది. ఎంత కోపమొచ్చినా ఆ భాషలోనే పోట్లాడుకుంటారు, మొదటి మూడు పాఠాల్లో తిట్లు లేవు.