నిలబడ్డ చుక్కల నేరం

మనిషి కనిపెట్టిన మాటలన్నిటిలోకీ ఖరీదైనది 'ప్రొఫెషనల్'. ఈ మాటను ఏ వస్తువు ముందు తగిలించినా ఆ వస్తువు నల్లరంగులోకి మారిపోతుంది, బరువెక్కుతుంది, కొనేవాడే అమ్మేవాడికి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. మామూలు కత్తెర అడిగితే షాపువాడు కత్తెర ఇస్తాడు. ప్రొఫెషనల్ కత్తెర అడిగి చూడండి, ముందు మీ చేతుల వంక చూస్తాడు.

ఈ సత్యం నాకు డీజేలు రికార్డులు తిప్పడానికి వాడే టర్న్‌టేబుళ్ల బజారులో బోధపడింది. నేను డీజేని కాను. (సంగీతంతో నాకున్న పరిచయమల్లా మా వాషింగ్ మెషిన్ ఉతకడం అయిపోయాక వాయించే ముక్కతోనే.) నేను డీజేకి మేనమామని. ఈ పదవికి జీతం లేదు. బరువులు మొయ్యడం, వాళ్లమ్మకి సర్దిచెప్పడం అనే రెండు విధులున్నాయి.

మా మేనకోడలు ఒక లెక్కల ఆఫీసులో బుద్ధిగా పనిచేస్తూ, ఒకనాడు బుద్ధిగానే మానేసి, పాత రికార్డులు వాయించే పనిలో పడింది. దాని చెవి మామూలు చెవి కాదు. వంటింట్లో ఫ్రిజ్ శబ్దం కాస్త మారినా ముందు గదిలోంచి చెప్పేస్తుంది. ఆ చెవిని నమ్ముకుని బతుకుతానంది. మా అక్క నన్ను పిలిపించింది.

"ఒరేయ్, నీ మొహం చూసి ఊరుకుంటున్నా. ఆదివారం మధ్యాహ్నం స్కేటింగ్ హాలువాళ్లు దీన్ని పిలిచారట. వాయించమను. నచ్చి మళ్లీ పిలిస్తే దాని దారి దానిది. పిలవలేదా, సోమవారం పొద్దున్నే వెళ్లి ఆఫీసులో దాని కుర్చీలో అది కూర్చోవాలి. ఆఫీసు పెద్దాయన ఇంకా ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు, పాపం."

"సరే అమ్మా," అంది మేనకోడలు. ఇంత తేలిగ్గా ఒప్పుకుందేమిటని నేనే బెంగపడ్డాను. దానికి తన చెవి మీద అంత నమ్మకం. యంత్రాల మీద కూడా నమ్మకం ఉండేది, అప్పటికింకా కొనలేదు కనక.

టర్న్‌టేబుళ్లు తయారుచేసేవారి వ్యాపార ధర్మం గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. వాళ్లు ఒక మంచి మోడలు చేస్తారు. అందరూ అది బావుందనగానే తయారీ ఆపేస్తారు. జనం లబోదిబోమంటారు, పాతవాటి ధర కొండెక్కుతుంది. అప్పుడు కంపెనీ పెద్దమనసు చేసుకుని అదే మోడలుకి కొత్త స్టిక్కరు వేసి, ఎక్కిన ధర దగ్గరే మళ్లీ విడుదల చేస్తుంది. దీన్ని వాళ్లు వారసత్వం అంటారు.

షాపులో రెండు మోడళ్లు పక్కపక్కనే పెట్టారు. ఒకటి వెండిరంగు, ఒకటి నలుపు. ధరలో మాత్రం హస్తిమశకాంతరం.

"తేడా ఏంటండీ?" అని అడిగాను.

"ఇది ఇంటికి సార్. అది ప్రొఫెషనల్."

"అది చదివాను. లోపల తేడా ఏంటని."

"లోపల ఎవరు చూస్తారు సార్?" అన్నాడు సేల్స్‌మన్, నిజంగానే ఆశ్చర్యపడుతూ.

నల్లవి రెండు కొన్నాం. డీజేకి రెండు కావాలి. ఒకదాని మీద పాట నడుస్తుండగా, రెండోదాని మీద తర్వాతి పాటని హెడ్‌ఫోన్స్‌లో వింటూ, రెండు దరువులూ ఒకటయ్యాక ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎవరికీ తెలియకుండా జారుకోవాలి. అదీ విద్య. నాకు అర్థమైన మేరకు, రెండూ ఒకే వేగంతో తిరగకపోతే విద్య లేదు, వీపునొప్పే. (వీపు నాది. మోసింది నేను.)

ఇంటికొచ్చి రెండూ ఆన్ చేశాం. రికార్డు పెట్టే పళ్లెం అంచు చుట్టూ వరసగా చుక్కలున్నాయి, పక్కన చిన్న ఎర్రలైటు. "వేగం సరిగ్గా ఉంటే ఈ లైటు వెలుగులో చుక్కలు కదలకుండా నిలబడ్డట్టు కనపడతాయి మావయ్యా. వేగం ఎక్కువైతే ముందుకి నడుస్తాయి, తక్కువైతే వెనక్కి నడుస్తాయి," అని చెప్పింది మేనకోడలు. కుడిదాని చుక్కలు నిలబడ్డాయి. ఎడమదాని చుక్కలు బెల్లం చూసిన చీమల్లా ముందుకి బయలుదేరాయి. వేగం తగ్గించే మీటని అడుగంటా లాగినా వాటి తొందర తగ్గలేదు. కుడిదాని మీటని పైకంటా తోసినా అది దీన్ని అందుకోలేదు. కొత్త యంత్రం, గ్యారంటీ ఉంది, కంపెనీ యాప్ ఉంది. ఆదివారానికి బోలెడు వ్యవధి ఉందనుకున్నాం.

యాప్‌లో ఫిర్యాదు నేరుగా భ్రమణ ధ్రువీకరణ విభాగానికి వెళుతుంది. తిరిగే పళ్లేన్ని వీడియో తీసి పంపమన్నారు. పంపింది. జవాబు టీ చల్లారేలోపు వచ్చింది.

"చుక్కలు కదులుచున్నవి. కావున పళ్లెము తిరుగుచున్నది. లోపము లేదు. ధన్యవాదములు."

మేనకోడలు నవ్వింది. ఎవరో కొత్తవాళ్లయి ఉంటారు, పోల్చి చూపిస్తే తెలుస్తుందని, సరిగ్గా ఉన్న కుడిదాన్ని కూడా వీడియో తీసి పంపింది. చదువుకున్నవాళ్లు చేసే పొరపాటు ఇదే. తెలియనివాళ్లకి ఉదాహరణలు ఇస్తారు.

"చుక్కలు నిలిచియున్నవి. కావున పళ్లెము తిరుగుట లేదు. తీవ్ర లోపము. మా ప్రతినిధి బయలుదేరినాడు."

ఈ ఒక్క విషయంలో మాత్రం కంపెనీ సేవను మెచ్చుకోకుండా ఉండలేను. ప్రతినిధి అదే రోజు వచ్చాడు. చెప్పులు బయట విప్పాడు, నమస్కారం పెట్టాడు, కుడిదాన్ని పొత్తిళ్లలో బిడ్డలా మెత్తటి గుడ్డలో చుట్టాడు.

"అయ్యో, అది బాగానే ఉందండీ. పాడైంది ఇది," అంది మేనకోడలు.

"అది బావుందని రాశారమ్మా. నన్ను దీన్నే తెమ్మన్నారు."

"మీరే చూడండి, తిరుగుతోందా లేదా? మీ కళ్ల ముందే కదా ఆపాను!"

"నేను చూడకూడదమ్మా, నేను రవాణా," అని, నా వైపు తిరిగి, "సార్, మీరు కొంచెం దూరం జరగండి. తీవ్ర లోపమట," అన్నాడు.

అలా మంచిది వెళ్లిపోయి చెడ్డది ఇంట్లో మిగిలింది. అద్దెకి తెద్దామంటే, ఊళ్లో ఉన్నవన్నీ ఆదివారానికి ఎప్పుడో బుక్కయిపోయాయి. నేను స్క్రూడ్రైవర్ తీశాను. మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది. అడుగున సీలుంది. సీలు చింపితే మోటారుకి దానంతటదే తాళం పడుతుంది. ఆ తాళం తీసే అధికారం ఎవరిదో పాఠకులు ఊహించే ఉంటారు.

మర్నాడు ఎడమదాన్ని భుజాన వేసుకుని సర్వీసు సెంటరుకి వెళ్లాం. టోకెన్ తీసుకున్నాం. గోడ మీద 'మీ మాట వింటాం' అని రాసుంది, కౌంటరుకి మాత్రం దళసరి అద్దం ఉంది. అద్దం వెనక ఉప భ్రమణాధికారి గారు. చాలా మర్యాదస్తుడు. మమ్మల్ని లోపలికి పిలిచి, కుర్చీలు వేయించి, యంత్రాన్ని ఆన్ చేయించి చుక్కల వంక ఆప్యాయంగా చూశాడు.

"చక్కగా నడుస్తున్నాయి కదమ్మా."

"అవి నడవకూడదండీ. నిలబడాలి."

"తిరిగేదాని మీద చుక్కలు నిలబడటమేంటమ్మా? కోప్పడకుండా నువ్వే ఒకసారి ఆలోచించు."

మేనకోడలు కోప్పడలేదు. సంచీలోంచి రికార్డు తీసి పెట్టి ముల్లు దించింది. గంభీరమైన గొంతున్న గాయకుడు పాలపళ్లు ఊడని పిల్లాడిలా పాడాడు.

"హుషారుగా ఉంది," అన్నాడు అధికారి, బూటుతో తాళం వేస్తూ.

"ఈ చుక్కలు పెట్టింది మీ కంపెనీయే కదండీ? ఎందుకు పెట్టారో వాళ్లనే అడగండి," అన్నాను నేను.

"పెట్టేది డిజైన్ విభాగం సార్, చూసేది మా విభాగం. మేమూ వాళ్లూ మాట్లాడుకోకూడదు. మాట్లాడుకుంటే పక్షపాతం వస్తుంది."

ఈ జవాబులో నాకు ఏ తప్పూ దొరకలేదు. నాకు పట్టపగలే చుక్కలు కనిపించిన సందర్భాల్లో ఇది ఒకటి, అవి కూడా నడుస్తూనే ఉన్నాయి. మేనకోడలు మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుంది.

"పోనీ, మీరు తీసుకొచ్చినదాన్ని ఏమీ చెయ్యకుండా ఎలా ఉన్నదాన్ని అలా ఇచ్చెయ్యండి సార్. ఆదివారం నాకు ప్రోగ్రాం ఉంది. దాని మీద నా ఉద్యోగం... నా జీవితం ఆధారపడి ఉంది."

"లోపమున్న వస్తువుని ఎలా ఇస్తామమ్మా, కంపెనీకి మాట రాదూ? కంగారుపడకు. బాగుచేసి శనివారానికల్లా ఇంటికి పంపిస్తాం. నీ రెండోది ఇదిగో ఉంది, లోపం లేదని మేమే ధ్రువీకరించాం. అచ్చు దీని కొలతకే దాన్నీ సరిచేయిస్తా. జతకి జత కుదరద్దూ?"

ఎడమదాన్ని మళ్లీ భుజాన వేసుకుని బయటపడ్డాం. మనిషికి మూర్ఖుడితో పోట్లాడే శక్తి ఉంటుంది. మంచివాడితో పోట్లాడాలంటేనే ప్రాణం విసిగిపోతుంది.

అన్నమాట ప్రకారం శనివారం కుడిది ఇంటికొచ్చింది. మెడలో ఒక కార్డు కట్టారు. "చుక్కలు సజావుగా నడుచునట్లు సరిచేయబడినది. శుభ భ్రమణం." రెండూ ఆన్ చేశాం. రెండింటి చుక్కలూ కవాతులో సిపాయిల్లా అడుగులో అడుగు వేస్తూ ముందుకి నడిచాయి. మేనకోడలు చెరో రికార్డూ పెట్టి హెడ్‌ఫోన్స్ చెవికి ఆనించుకుని చాలాసేపు వింది.

"కలిశాయి మావయ్యా."

"నిజంగానా?"

"వెంట్రుకంత తేడా కూడా లేదు. రెండూ ఒకే తప్పు." దాని మొహంలో సంతోషం లేదు. నేను మాత్రం నిస్సిగ్గుగా సంతోషించాను. నేను మా అక్కకి జవాబు చెప్పుకోవాలి మరి.

ఆదివారం స్కేటింగ్ హాలు కిటకిటలాడింది. మేనకోడలు మూల గూట్లో నిలబడి మొదలుపెట్టింది. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి అతుకు కనపడకుండా వెళ్లింది. దాని పనితనంలో వంక పెట్టడానికి లేదు. గాయనీ గాయకులందరూ రైలు తప్పిపోతుందన్నట్టు పాడారు. జనానికి ఆ విషయం తెలియదు, కాళ్లకి తెలిసింది. చక్రాలు జోరందుకున్నాయి. తాతలు మనవల్ని దాటేశారు. వచ్చి తీరిగ్గా గుండ్రంగా తిరిగే అలవాటున్నవాళ్లు కూడా కాసేపట్లోనే ఆయాసపడి బెంచీల మీద కూలబడ్డారు. మా అక్క రెయిలింగ్ పట్టుకుని నిలబడి, పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆవిడతో, "ఆ గూట్లో ఉంది చూశారూ, మా అమ్మాయే," అంటోంది.

హాలు ఓనరు కళ్లు చెమ్మగిల్లినంత పనయింది. నన్ను పక్కకి పిలిచాడు.

"ఇన్నేళ్లుగా వీళ్లని బయటికి పంపలేక చస్తున్నానండీ. టికెట్టు కొంటారు, పొద్దుగూకేదాకా కదలరు. ఇవాళ చూడండి, వాళ్లంతట వాళ్లే అలిసిపోయి, నవ్వుతూ ఇంటికి పోతున్నారు! లోపలికి ఇంకో బ్యాచ్, మళ్లీ ఇంకో బ్యాచ్. అమ్మాయిని ఇక ప్రతి ఆదివారం రమ్మనండి. ఒక్కటే షరతు. ఈ స్పీడు ఇలాగే ఉండాలి. వీసమెత్తు తగ్గినా నాకు కుదరదు."

ఈ శుభవార్త చెబుదామని గూటి దగ్గరికి పరిగెత్తాను. మేనకోడలు వైర్ల పెట్టె మీద కూర్చుని ఉంది. హెడ్‌ఫోన్స్ మెడలో వేలాడుతున్నాయి. విని తలూపింది.

"అందరికీ నచ్చింది కదా మావయ్యా?"

"నచ్చడమా! ఎగబడ్డారు."

"ఆ మూడో పాట, నేను ఈ పనిలోకి వచ్చిందే దాని కోసం. చిన్నప్పట్నుంచీ వింటున్నా. అందులో ఆవిడ ఒకచోట ఊపిరి తీసుకుని ఆగుతుంది, నాకు ప్రాణం అక్కడే ఉంటుంది. ఇవాళ ఆవిడ ఆగలేదు. నా చేత్తోనే నేను ఆగనివ్వలేదు."

గెలిచిన పిల్లని ఓదార్చడం నాకు చేతకాదు, ఆ అవసరం అంతకుముందెప్పుడూ రాలేదు. భుజం మీద చెయ్యివేశాను.

సోమవారం పొద్దున ఆఫీసు కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. మా అక్క ఫోను దించకుండా బంధువులందరికీ తన కూతురు ప్రొఫెషనల్ అయిందని చెబుతోంది. మేనకోడలి ఫోన్లో కంపెనీ యాప్ మోగింది.

"మీ సమస్య పరిష్కరింపబడినదా? అవును / లేదు. (లేదు అనినచో, రెండింటిలో ఒక యంత్రమును మరల తీసుకొనిపోయి సరిచేయుదుము.)"

మేనకోడలు నా వంక చూసింది. పక్కగదిలోంచి అక్క గొంతు వినపడుతోంది: "ప్రతి ఆదివారమూ వదినా, పర్మనెంటు!" ఫ్రిజ్ ఊపిరి మారితేనే సహించలేని పిల్ల, కళ్లు మూసుకుని 'అవును' నొక్కింది. అయిదు నక్షత్రాలు ఇమ్మంటే అయిదూ ఇచ్చింది. నేను చూస్తూ కూర్చున్నాను, ఆపలేదు.

జవాబు ఎప్పటిలాగే వెంటనే వచ్చింది.

"మీ సంతృప్తికి కృతజ్ఞతలు. ఊళ్లోని మిగిలిన యంత్రములన్నియు ఇదే విధముగా బాగుచేయుటకు మా ప్రతినిధులు బయలుదేరినారు."