లిఫ్టులో అధికారి, గదిలో పెళ్ళి

ఆ ఉదయం దుబాసీ అనుకున్న పని చాలా చిన్నది. పదకొండింటికి ఒక రిజిస్టరు పెళ్ళి. అమ్మాయి తరఫువాళ్ళది జర్మన్, అబ్బాయి తరఫువాళ్ళది ఇంగ్లీషు. పెళ్ళిళ్ళ అధికారి ఒక్కో మాటా చెబుతుంటే ఆమె రెండు భాషల్లోనూ అప్పజెప్పాలి, పన్నెండుకల్లా ఇంటికెళ్ళి అన్నం తినాలి. వచ్చే వారం ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టాల్సింది కూడా ఆ అధికారే.

పదకొండైంది. అధికారికి బదులు ఆయన ఫోను వచ్చింది.

"లిఫ్టులో ఇరుక్కుపోయానమ్మా! బల్ల మీద నా కాగితం ఉంది. స్వాగతం చదువుతూ ఉండండి, వచ్చేస్తా."

దుబాసీల వృత్తిలో ఒక నియమముంది. 'ఆయన ఇలా అంటున్నారు' అనకూడదు. ఎవరి మాటైనా 'నేను' అనే చెప్పాలి. ఆమెకది పద్దెనిమిదేళ్ళ అలవాటు. పైగా మొదలుపెట్టింది మధ్యలో ఆపడం ఆమె ఇంటావంటా లేదు. స్వాగతం ఎక్కడ ముగిసిందో చూసుకోకుండా, "నాకున్న అధికారంతో మిమ్మల్ని భార్యాభర్తలుగా ప్రకటిస్తున్నాను" దాకా ఇంగ్లీషులో ఒకసారి, జర్మన్‌లో ఒకసారి గడగడా చదివేసింది. చప్పట్లు మోగాయి. జంటా, సాక్షులూ సంతకాలు పెట్టి, రైలుకు టైమైందంటూ బయల్దేరిపోయారు.

అప్పుడొచ్చాడు అధికారి, చెమటలు కక్కుతూ. "ఏరీ పెళ్ళివాళ్ళు?"

"పెళ్ళయిపోయిందండీ."

"ఎవరు చేశారు?"

దుబాసీ చేతిలోని కాగితాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేసింది. "నేను... అంటే, మీరే."

"నేను లిఫ్టులో ఉంటే పెళ్ళెలా చేస్తాను? అది చెల్లదు! ముందు వాళ్ళని పట్టుకురండి!"

చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తి, వీధి మలుపులో కారుకు అడ్డంపడి, అందరినీ వెనక్కి తెచ్చింది. సంగతి విని పెళ్ళికూతురి తండ్రి జర్మన్‌లో అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. దుబాసీ నియమం తప్పలేదు. అధికారి ముఖంలోకే చూస్తూ, "మీకు బుద్ధుందా? రెండంతస్తులు ఎక్కితే కాళ్ళరిగిపోతాయా?" అంది.

"ఏమిటీ, నన్నే అంటారా!"

"నేను కాదండీ, నేనంటే ఆయన..."

ఉద్యోగం గంగలో కలిసినట్టేనని ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అంతలో మూలనున్న ముసలి గుమాస్తా నిబంధనల పుస్తకం దుమ్ము దులిపాడు.

"జంటా, ఇద్దరు సాక్షులూ సంతకం పెడితే పెళ్ళయిపోయినట్టేనండీ. సాయంత్రంలోగా తమరో సంతకం పడేస్తే చాలు. ఉపన్యాసం మర్యాదకే."

"మరి ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నదేమిటయ్యా?"

"శుభాకాంక్షలండీ."

బతుకుజీవుడా అనుకుంటూ దుబాసీ కుర్చీలో కూలబడింది. పెళ్ళివాళ్ళు అందరూ ఆమె ముఖం కేసే చూస్తున్నారు. అధికారి ఆమె చెవి దగ్గర వంగాడు.

"పెళ్ళి చెల్లిందని చెప్పండి చాలు. ఆ శుభాకాంక్షల ముక్క మాత్రం చెప్పకండమ్మా, మీకు పుణ్యముంటుంది."

పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఆమె ఒక మాట మింగేసింది. పెళ్ళివాళ్ళు నవ్వుకుంటూ రైలుకు పరుగెత్తారు. ఆమె ఉద్యోగం కాగితం మీద సంతకం వారం ఆగకుండా ఆ సాయంత్రమే పడింది.

మర్నాటి పెళ్ళికి అధికారి మెట్లెక్కి, పావుగంట ముందే వచ్చాడు. ఉపన్యాసానికి ఇంకో రెండు పేజీలు కలుపుకుని.