కూర్చునే కరపత్రం, నిలబడే కరపత్రం

గురువారం పొద్దున్న కామేశ్వరరావు వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. కాశీబుగ్గలో జెరాక్స్ షాపు దగ్గర ఆగి సంచి ఇవ్వాలి, బడికి వెళ్ళాలి, మధ్యాహ్నం కాపీలు తెచ్చుకుని పదో తరగతికి పాఠం చెప్పాలి. సంచిలో రెండు రకాల సరుకుంది. ఒకటి, ఆదివారం జరగబోయే కూతురు సింధూర నిశ్చితార్థం కార్డులు. టెక్కలిలో మగపెళ్ళివారికి ఒక కట్ట, మందసలో భార్య రమణి పుట్టింటివారికి ఒక కట్ట. రెండోది, ఆయన స్వహస్తాలతో రాసిన రెండు కరపత్రాలు.

కామేశ్వరరావు తెలుగు మాస్టారు. ఒకే విషయం మీద ఇటూ అటూ వాదిస్తే భాష ఎలా రంగు మారుస్తుందో పిల్లలు పోల్చి చెప్పాలని ఆయన కోరిక. ఇంట్లో నిశ్చితార్థం హడావిడి కాబట్టి విషయం కూడా భోజనాలదే దొరికింది. మొదటిది అరిటాకు పక్షం: "ఆకు ముందు కూర్చున్నవాడు అతిథి. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డవాడు ఎవరు? మన ఇంటికొచ్చిన పెద్దలను మనమే యాచకులను చేద్దామా?" రెండోది బఫే పక్షం: "నీ ఆకలి నీకు తెలుసా, వడ్డించేవాడికి తెలుసా? గరిటె పట్టినవాడి దయ కోసం ఇంకెన్నాళ్ళు మెడ చాచి చూస్తావు? లే, నీ పళ్ళెం నువ్వే పట్టుకో." రెండూ రాసి, రెండూ చదువుకుని, రెండింటికీ తనే తలూపాడు.

"ఢిల్లీబాబూ, ఈ కాగితాలు రెండూ వంద చొప్పున తియ్యి. కార్డులు కవర్లలో పెట్టి, ఆ కట్ట టెక్కలి బస్సుకీ, ఈ కట్ట మందస బస్సుకీ ఎక్కించెయ్యి" అని షాపువాడికి చెప్పి, బడి గంట కొట్టేస్తారేమోనని బండెక్కి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం వచ్చేసరికి షాపులో కార్డులూ లేవు, కరపత్రాలూ లేవు.

"నా కాపీలేవయ్యా?"

"కవర్లలో పెట్టీసినాను గదా మాస్టారూ. బస్సులెల్లిపోనాయి."

"కరపత్రాలు కవర్లలో ఎందుకు పెట్టావు?"

"బోజనాల కాయితం బోజనాల కార్డుతోటి గాక ఇంక దేంతోటి ఎల్తాది?" ఢిల్లీబాబుకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "కూకోబెట్టేవోలికి ఒకటి, నిలబెట్టేవోలికి ఒకటి రాసినారు. ఎవులికేదో మీరు సెప్పనేదు. టెక్కలోలు టౌనోలు గదాని బఫే కాయితం ఆలకి పెట్టినాను. ఆకు కాయితం మందసోలికి. ఇందల తప్పేటుందండి?"

కామేశ్వరరావు చాలాసేపు వెతికాడు గానీ అందులో తప్పు దొరకలేదు. దాంతో భయం రెట్టింపైంది.

సాయంత్రం ఇంట్లో సంగతి విని రమణి నడుం మీద చేతులు పెట్టుకుంది. "మగపెళ్ళివారిని నిలబడి తినండని రాసి పంపుతారేటండీ? ముందు ఫోన్ చేసి అది బడి పాఠమని చెప్పండి. సంబంధం గాని పోయిందంటే పిల్ల మొహం నేను చూడలేను."

ఆయన ఫోన్ తీసేలోపే అది మోగింది. మందస నుంచి రమణి తమ్ముడు నాగేంద్రబాబు.

"ఏం రాసినావు బావా. యాచకులను సేద్దామా అన్నకాడ నాకు కళ్ళంట నీళ్ళొచ్చీసినాయి. మనోలందరం ఒక్క మాట మీదున్నాం. ఆకు ఎయ్యకపోతే మంచినీళ్ళు కూడా ముట్టం."

అది పిల్లల కోసం రాసింది అని చెప్పడానికి కామేశ్వరరావు నోరు తెరిచాడు. కానీ ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన వాక్యానికి కన్నీళ్ళు పెట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.

"అంత బాగుందా?" అన్నాడు.

ఆ ఫోన్ పెట్టగానే రెండోది వచ్చింది. కాబోయే వియ్యంకుడు తిరుమలరావు, టెక్కలిలో కొబ్బరి వ్యాపారి. కామేశ్వరరావు లేచి నిలబడి మాట్లాడాడు.

"మొదట కోపమే వచ్చింది బావగారూ, నిలబడి తినమంటారేటని. మా అమ్మ ఆ కాయితం మూడుసార్లు సదివించుకుంది. ఆవిడికి సుగరు. పంక్తిలో కూకుంటే మా ఆవిడ పక్కనుండి, అత్తకి వద్దు, అత్తకి వద్దు అని వడ్డించేవోడిని తరిమేస్తాది. గరిటె పట్టినవాడి దయ అన్నమాట మా అమ్మకి బాగా తగిలింది. మావోలంతా బఫేకే వస్తన్నారు. ఆకులేస్తే మాత్రం మా అమ్మ ముట్టదు."

"మూడుసార్లా?" అన్నాడు కామేశ్వరరావు. వంటింట్లో రమణి నుదురు కొట్టుకున్న చప్పుడు ఫోన్లో టెక్కలి దాకా వినిపించే ఉంటుంది.

ఇప్పుడు నిజం చెబితే ఇద్దరు అభిమానులు పోతారు. చెప్పకపోతే ఒక వైపువాళ్ళు అన్నం ముట్టరు. ఆయన మధ్యేమార్గం కనిపెట్టాడు. హాల్లో సగం ఆకులు, సగం బఫే బల్లలు వెయ్యమని వంటమేస్త్రి పోలారావుకి పురమాయించాడు.

"ఎటేపు పనసకాయ కూర ఎక్కువెట్టాల బాబూ? రెండేపులోలూ లెక్కెట్టుకుంతారు" అని పోలారావు అడిగాడు.

ఆదివారం హాల్లో అడుగుపెట్టగానే రెండు వైపులవారూ ఒకరి ఏర్పాటు ఒకరు చూసుకున్నారు.

"ఆలకి తెల్లగుడ్డ బల్లలూ, మనకి నేలా?" అన్నాడు నాగేంద్రబాబు.

"వాళ్ళకి వడ్డించేవోళ్ళూ, మనకి ఎవరూ లేరా?" అన్నారు టెక్కలివాళ్ళు.

నాగేంద్రబాబూ, తిరుమలరావూ జేబుల్లోంచి కాగితాలు తీశారు. నాగేంద్రబాబు తనది గొంతెత్తి చదివాడు. టెక్కలి పెద్దలు తలలూపారు, ఇద్దరు వెళ్ళి ఆకుల ముందు కూర్చున్నారు కూడా. తిరుమలరావు తనది చదివాడు. మందసవాళ్ళు కొందరు మెల్లగా బల్లలవైపు జరిగారు. తిరుమలరావు తల్లి బొడ్డమ్మ ఒక్కతే ఊగలేదు. తాంబూలాలు కాకముందే బూరెల పళ్ళెం దగ్గర స్థిరంగా నిలబడి ఉంది.

"ఇవి రెండూ ఎవులు రాసినారు?" అన్నాడు తిరుమలరావు.

"రెండూ నేనే" అన్నాడు కామేశ్వరరావు. ఆ మాటలో కాస్త గర్వం తొంగిచూడకపోతే బాగుండేది.

"ఇంతకీ మీ మాటేటి?"

ఆ సంగతి కామేశ్వరరావు ఎప్పుడూ ఆలోచించలేదు. తిరుమలరావు రెండు కాగితాలూ మడిచి చేతికిచ్చాడు.

"ఏటనుకోకండి బావగారూ. అమ్మాయి నెమ్మదస్తురాలు, వంట బాగా సేస్తాది, పెద్దలకి ఎదురు సెప్పదు అని సంబంధం మాటలప్పుడు మీరే రాసిచ్చినారు. అది ఎటేపు కరపత్రం?"

కామేశ్వరరావుకి అప్పటికప్పుడు రెండు సమాధానాలు తోచాయి. రెండూ అద్భుతంగా ఉన్నాయి. రెండిట్లో ఏది అన్నా సంబంధం పోతుందని కూడా అప్పుడే తెలిసింది. జీవితంలో మొదటిసారి ఆయనకి తన తెలుగంటే భయం వేసింది. రమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెళ్ళికూతురి గది తలుపు తెరుచుకుంది. సింధూర పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వచ్చి తిరుమలరావు ముందు నిలబడింది.

"మావయ్యగారూ, నాకు వంట రాదు. కోపమొస్తే అరుస్తాను. ఉద్యోగం మానను. మీ అబ్బాయి నాకు నచ్చాడు."

తిరుమలరావు ఏమంటాడోనని అందరూ ఆయన మొహంలోకి చూస్తుంటే, జవాబు బూరెల దగ్గర్నుంచి వచ్చింది.

"ఈ పిల్ల మాట ఒక్కపాలి ఇంటే సాలురా. మల్లీ సదివించుకోనక్కర్నేదు" అంది బొడ్డమ్మ.

తిరుమలరావు గొంతు సవరించుకున్నాడు. "అలాగైతే మావోడి గురించి మేం సెప్పింది కూడా కొంత తగ్గించుకోవాల బావగారూ." భార్య హేమ తన చొక్కా పట్టి లాగుతున్నా ఆయన ఆగలేదు. "పొద్దున్నే లెగిసి ఏపారం సూసుకుంతాడని సెప్పినాం. ఎండ మొహాన పడితేగాని లెగడు. వంటంటారా, ఆడే బాగా సేస్తాడు. అది సెప్తే నామోసీ అని సెప్పనేదు. ఇంక అరుపులు మాయింట కొత్త గాదు."

"ఎవరి గురించి అంటున్నారు?" అని హేమ అరిచింది.

తాంబూలాలు మార్చుకున్నారు. జనం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, కూర్చున్నవాళ్ళు కూర్చుని, నిలబడ్డవాళ్ళు నిలబడి తినేశారు. సంబంధాన్ని నిలబెట్టిన ఆ నాలుగు వాక్యాల్లో కూతురు ఒక్క అలంకారమైనా వాడలేదే అని కామేశ్వరరావు ఇప్పటికీ బాధపడుతూనే ఉన్నాడు.