డాబా మీద హారన్లు

యాంప్లిఫయరు కొన్నవాడు స్పీకర్లు కూడా కొనాలనడం పచ్చి దోపిడీ అని చెన్నకేశవరావు అభిప్రాయం. ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఆ మాట భార్య విజయలక్ష్మికి మరోసారి చెప్పాడు.

"స్పీకర్లకని బడ్జెట్లో సగం తీసిపెట్టారుగా. ఆ సగం ఏమైంది?" అందావిడ.

ఆ సగం సంగతి ఎత్తితేనే ఆయనకు మండుతుంది. నరసరావుపేట కాలవల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు చెన్నకేశవరావు. నాదస్వరమంటే ప్రాణం. రేడియోలో అది గరగరమంటూ వినిపిస్తే కావలసినవాళ్లకు గొంతు పట్టేసినట్టు బాధపడేవాడు. అందుకే సినిమాలు మానేసి, సిగరెట్లు తగ్గించి, పదిహేను వందలు కూడబెట్టాడు. సగం యాంప్లిఫయరుకు, సగం స్పీకర్లకు అని ఆఫీసు ఎస్టిమేటు వేసినట్టే వేసుకుని గుంటూరు వెళ్లాడు. అక్కడ షాపువాడు చిన్న యాంప్లిఫయరు పక్కన పెద్దది పెట్టి, "చిన్నది మామూలువాళ్లు తీసుకుంటారు సార్" అన్నాడు. అంతే, స్పీకర్ల సగం కూడా పెద్దదానికే పోయింది. తిరుగు బస్సుకు చిల్లర మిగిలింది.

"ఇంత సొమ్ము పోసి కొన్నది ఒక్క ముక్క మాట్లాడదంట! ఎద్దును అమ్మి కాళ్లు వేరే కొనుక్కోమన్నట్టుంది!" అని చెన్నకేశవరావు గ్లాసు కింద పెట్టి, చొక్కా తగిలించుకుని వీధి చివర మైకుసెట్టు సత్తార్ దగ్గరికి వెళ్లాడు.

"బాక్సు స్పీకర్లు నా కాడ ఏడున్నయ్ సార్? హారన్లే," అన్నాడు సత్తార్. "ఈపూట బుకింగ్ లేదు. తెచ్చి బిగిస్తా పదండి."

తెచ్చాడు. గంగాళాలంత హారన్లు రెండూ చావట్లో పెట్టగానే విజయలక్ష్మి వంటింట్లోంచి తొంగిచూసింది. "అవి నోళ్లు తెరుచుకుని నా పొయ్యి వంక చూస్తంటే నేను వండలేనండీ."

దాంతో సత్తార్ అన్ని ఇళ్లలో చేసినట్టే ఇక్కడా చేశాడు. హారన్లు డాబా మీదికి ఎక్కించి, ఒకటి వీధివైపు, ఒకటి బజారువైపు తిప్పి తాళ్లతో కట్టాడు. వరండాలో మైకు స్టాండు కూడా నిలబెట్టాడు.

"మైకెందుకయ్యా?"

"మైకు లేకుండా సెట్టు పెడితే నా పేరు పోద్ది సార్."

చెన్నకేశవరావు పడక్కుర్చీలో వాలి, కళ్లు మూసుకుని, సత్తార్ తెచ్చి తగిలించిన టేప్ రికార్డరు మీట నొక్కాడు. నాదస్వరం ఆయన చెవిలో కాదు, రైలు గేటు అవతల ఉన్నవాళ్ల చెవిలో మోగింది. ఇంట్లోవాళ్లకు మాత్రం పైకప్పు అదిరింది.

"ఆపవయ్యా!"

"మంగళవాద్యం మధ్యలో ఆపకూడదు సార్, ఇంటికి మంచిది కాదు," అన్నాడు సత్తార్ భక్తిగా. విజయలక్ష్మి కూడా ఆపొద్దన్నట్టు చెయ్యి ఊపింది.

ఆ పేటలో డాబా మీద హారన్లు లేచి నాదస్వరం వినబడిందంటే ఆ ఇంట్లో శుభకార్యమే. పిలుపు అందలేదని అయినవాళ్లు ఊరుకోరు, వచ్చి నిలదీస్తారు. ముందుగా ఎదురింటి సుబ్బారావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని దిగాడు.

"షష్టిపూర్తి పెట్టుకుని ఎదురింటోడికి కూడా చెప్పవా బాబాయ్?"

"షష్టిపూర్తేందిరా? ఎవరికి?"

"మీవాడు ఇంటర్లో ఉండె. ఆడపిల్లల్లేరు. ఇల్లు పాతది. ఇంక మిగిలిందేంది?"

చెన్నకేశవరావుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకు యాభై రెండురా! కళ్లు కనబడటల్లా?"

"నిన్ను చూసే అనుకున్నా బాబాయ్."

ఈలోగా ఆడవాళ్లు పసుపు కుంకాలతో వచ్చేశారు. గడప తొక్కినవాళ్లను ఉత్త కడుపుతో పంపడం తెలియని విజయలక్ష్మి పెద్ద గిన్నెలో ఉప్మాకు ఎసరు పెట్టింది.

"ఉప్మా పెడితే ఒప్పుకున్నట్టే!" అని భర్త గంతులేశాడు.

"పెట్టకపోతే పిసినారోళ్లంటారు," అని ఆవిడ రవ్వ పోసింది.

ఇక లాభం లేదని చెన్నకేశవరావు మైకు లాక్కున్నాడు. "అయ్యా, మా ఇంట్లో ఏ శుభకార్యమూ లేదు! ఎవరూ రావద్దు!" అని అరిచాడు. అప్పటిదాకా పట్టించుకోనివాళ్లు కూడా అది విని బయల్దేరారు. పాలు పోసే పీరాంబీ చెంబు చేత్తోనే వచ్చింది. "ఇన్నేళ్లు మీ ఇంట పాలు పోశానే, నన్ను మైకులో రావద్దంటావా అన్నా?" అని కళ్లు తుడుచుకుంది. ఆమెకు సర్దిచెప్పేలోగా వరండా నిండిపోయింది.

ఆ గుంపులోంచి ఆఫీసు సూపరింటెండెంట్ ధనుంజయరావు ముందుకొచ్చాడు. అతని మొహంలో పెళ్లికొచ్చిన కళ లేదు.

"రికార్డులో యాభై రెండు, ఇంట్లో అరవై. మిగతా ఎనిమిదేళ్లూ ఏడ దాచావయ్యా చెన్నకేశవరావూ?"

ఆ ఏడే ప్రభుత్వం రిటైర్మెంటు వయసును యాభై అయిదుకు దించింది. ఆఫీసులో ప్రతివాడూ పక్కవాడి పుట్టిన తేదీ కూపీ లాగుతున్నాడు. చెన్నకేశవరావుకు అప్పుడే రిటైరయిపోయినట్టు అనిపించింది. కొడుకు చదువు సగంలో ఉంది, ఉద్యోగం పోతే ఇల్లు గడవదు.

"ఇదెక్కడి అన్యాయం సార్! స్పీకర్లు లేక హారన్లు కట్టుకుంటే ఉద్యోగం తీసేస్తారా?"

"రేపు పైకి రాస్తా," అన్నాడు ధనుంజయరావు. "వయసు దాచి సర్కారు సొమ్ము తినేవాళ్లంటే నాకు అసహ్యం."

అప్పుడే రిక్షా దిగింది పిన్ని వీరరాఘవమ్మ, చేతిలో కొత్త పంచెల చాపుతో. శావల్యాపురంలో చెన్నకేశవరావుకు లాలపోసి పెంచిన మనిషి, ఇప్పుడు రైలు గేటు అవతల ఉంటోంది; నాదస్వరం విని ఏదో శుభకార్యమనుకుని వచ్చింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"పిన్నీ, నువ్వే చెప్పు వీళ్లకి. నాకు అరవయ్యా?"

పెద్దావిడ దీవిస్తుందనుకుని సత్తార్ అలవాటుగా మైకు ఆమె నోటి దగ్గర పట్టాడు.

"అరవయ్యేందిరా, మతిపోయిందా వీళ్లకి?" అన్న మాట బజారంతా మోగింది. చెన్నకేశవరావు ఛాతీ విరుచుకుని సూపరింటెండెంట్ వంక చూశాడు. "యాభై ఏడు నిండి యాభై ఎనిమిది నడుస్తంది. నేను లెక్క తప్పుతానా?"

ఛాతీ ఎక్కడిదక్కడ దిగిపోయింది. "బళ్లో పంతులు రాసిందే నా వయసు పిన్నీ!" అని గొణిగాడుగానీ ఎవరికీ వినబడలేదు.

"అంటే యాభై అయిదు ఎప్పుడో దాటావన్నమాట!" ధనుంజయరావు మొహం వెలిగిపోయింది. "ఇంకొక్కసారి గట్టిగా చెప్పండి పెద్దమ్మా, అందరూ సాక్ష్యం."

ఆ గొంతు విని వీరరాఘవమ్మ కళ్లజోడు సవరించుకుని దగ్గరికొచ్చింది. "ఒరేయ్, నువ్వు మా పుట్టింటి పక్కింటి ధనుంజయుడివి కాదూ? ఎంత మారిపోయినావురా! నీ బారసాలకి బొబ్బట్లు తిన్నదాన్ని నేను. మావోడికంటే మూడేళ్లు పెద్దోడివి. అరవై నిండింది నీకురా నాయనా!"

హారన్లు రెండూ ఆ ముక్కను రైలు గేటు దాటించాయి. ఆవిడ పంచెల చాపు అతని భుజాన కప్పి అక్షింతలు వేసింది. జనమంతా చప్పట్లు కొట్టారు. సత్తార్ గొంతు సవరించుకుని, "షష్టిపూర్తి జరుపుకుంటున్న ధనుంజయరావుగారికి..." అని మొదలుపెట్టాడో లేదో, సూపరింటెండెంట్ ఒక్క దూకు దూకి మైకు తీగ పీకేశాడు.

తీగ కింద పడేసి, భుజం మీది పంచెల చాపు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"పెద్దావిడ," అన్నాడు ధనుంజయరావు చివరికి. "ఈ వయసులో లెక్కలు కలిసిపోతయ్."

"చానా పెద్దావిడ సార్. ఒక్క లెక్కా నిలవదు," అన్నాడు చెన్నకేశవరావు.

"పైకి రాయాల్సిందేం కనపట్టల్లా. అమ్మా విజయలక్ష్మీ, ఉప్మా కొంచెం ఉందా?"

"నా లెక్క తప్పంటార్రా, వెధవల్లారా!" అని వీరరాఘవమ్మ మాత్రం సాయంత్రం దాకా తిడుతూనే ఉంది.

సోమవారం ఉదయం సూపరింటెండెంటూ, సీనియర్ అసిస్టెంటూ జుట్టుకు నల్లరంగు వేసుకుని ఆఫీసుకు వచ్చారు.