ఆటలమ్మ ఇంట్లో చేప పాఠం

ఆ గురువారం పొద్దునకి జయకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. చెరువులో ఒక్క చేపని పట్టాలి, కూతురి క్లాసువాళ్ళకి ఫోనులో చూపించాలి, మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి. ఇందులో చెడిపోయేదేముంది అనుకున్నాడు. కొల్లేటి గట్టున చేపల చెరువు ఉన్న మనిషి అలా అనుకోకూడదు. అయినా అనుకున్నాడు.

కూతురు ఇందుజ ఏలూరులో రెండో తరగతి చదువుతోంది. పోయిన వారం ఆటలమ్మ పోసింది. పొక్కులు మాడి పెచ్చులు రాలేదాకా బడికి పంపొద్దని స్కూలువాళ్ళు చెప్పారు. పాఠాలు పోకుండా రూబీ టీచర్ ఒక ఉపాయం చేసింది. ముందు బెంచీ మీద పుస్తకాలు దొంతరగా పెట్టి, దానికి తన ఫోను ఆనించి, ఇందుజని వీడియోకాల్లో కూర్చోబెట్టింది. ఇవతల ఇందుజ పక్కన తల్లి చంద్రకళ కూర్చుని, ఒక చేత్తో వేపరెమ్మతో పిల్ల వీపు నిమురుతూ, రెండో చేత్తో మ్యూట్ నొక్కుతూ తీస్తూ ఉండేది. ఒక్కోసారి నొక్కాల్సినప్పుడు తీసేది. అలా కుక్కర్ కూతలూ, పాలవాడితో ఆవిడ పెట్టుకున్న తగువూ రెండో తరగతి మొత్తం విన్నది.

ఇందుజ మాత్రం తన వీడియో పెట్టేది కాదు. మొహం నిండా మచ్చలు, వాటి మీద గులాబీరంగు లోషను. మాటే వినపడేది. బుధవారం నీటిలో ఉండే జీవుల పాఠం వచ్చింది. ఇందుజ ఆగలేక, "మా నాన్నగారి చెరువులో నా అంత చేప ఉంది టీచర్," అన్నది. వెంటనే సూర్యతేజ అనే పిల్లవాడు లేచాడు.

"అబద్ధం టీచర్. అంత చేప ఉండదు. అసలు ఇందుజ కూడా ఉందో లేదో టీచర్, కనపడదు కదా."

క్లాసంతా నవ్వింది. టీచర్ సర్దిచెప్పి, "రేపు చూపిస్తావా అమ్మా? చూపించి నాలుగు మాటలు చెప్పు," అన్నది. చూపిస్తానని ఇందుజ మాట ఇచ్చేసింది. ఇచ్చి, ఫోను బోర్లించి, ఒకటే ఏడుపు. "నన్ను అబద్ధాలకోరు అన్నాడమ్మా. రేపు చేప చూపించకపోతే నేనింక ఆ బడికి వెళ్ళను."

చూపించడానికి చేపలు లేక కాదు. చెరువు నిండా ఉన్నాయి. అడ్డు నాయనమ్మ వెంకటనరసమ్మ గారు. అమ్మవారు ఇంట్లో ఉన్నంతకాలం ఆవిడ నీచు గడప తొక్కనివ్వరు, పొయ్యి మీద పోపు వెయ్యనివ్వరు. చేపల మీద బతికే ఆ ఇంట్లో వారం నుంచీ ముద్దపప్పూ మజ్జిగా నడుస్తున్నాయి. అది చాలక, "పిల్లకి నీళ్ళు పోసేదాకా చెరువులో వల పడ్డానికి వీల్లేదు," అని కూడా ఆవిడ తీర్మానించారు. కలకత్తా వ్యాపారులతో హోరాహోరీ బేరమాడే జయకృష్ణకి తల్లి ముందు నోరు పెగలదు. అందుకని ఆమెను అడగడం మానేసి, పెరట్లోకి పోయి వల ముఠా మేస్త్రీ ఎలీయాజరుకి ఫోను చేశాడు.

"రేపు ఒక్క చేప కావాలి ఎలీయాజరు గారూ. బతికున్నది, పెద్దది."

"ఒక్కదానికైతే విసురువల చాలదాండి?"

"దానికి చిన్నవే పడతాయండి. ఇది మా పాప అంత ఉండాలి."

"అయితే లాగుడువల దించాలండి. అది దించితే ముఠా మొత్తం రావాలండి. సగం మంది లాగితే వల ఓ పక్కకి పోద్దండి."

"సరే, అందరూ రండి. కూలి ఇచ్చేస్తాను. కానీ ఎవరికీ చెప్పకండి. మా అమ్మకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది."

పని చెడింది ఇక్కడే. కొల్లేటి వైపు పట్టుబడి అంటే, అదే చెరువులో చేపలన్నీ పట్టి అమ్మడమంటే, పెళ్ళి లాంటిది. లారీ మాట్లాడతారు, ఐసు చెప్పుకుంటారు, ఏ చెరువులో ఎప్పుడు వల దిగుతుందో టీకొట్టులో పిల్లలకి కూడా తెలుస్తుంది. చెప్పకుండా దించారంటే రెండే కారణాలు. చెరువుకి జబ్బన్నా తగిలి ఉండాలి, రేటు పడిపోతుందన్న సంగతన్నా ముందే తెలిసి ఉండాలి. ఎలీయాజరు మాట మీద నిలబడే మనిషి. పాప సంగతి, చేప సంగతి పొక్కనివ్వలేదు. "రేపు జయకృష్ణ గారి చెరువండి. ఎవరికీ చెప్పొద్దన్నారు," అని మాత్రం ముఠాలో అందరికీ చెప్పాడు. వాళ్ళు తమ తమ ఇళ్ళలో చెప్పి పడుకున్నారు.

పొద్దున్నే వల దించుతుంటే పక్క చెరువు ఈశ్వరప్రసాద్ గారు బండి ఆపారు.

"ఏం బాబూ, వల దించుతున్నావు. జబ్బేమన్నానా?"

"అబ్బే, చేపలు బాగానే ఉన్నాయండి."

"మరి లారీ ఏది?"

"లారీ అక్కర్లేదండి."

"ఐసు?"

"ఐసూ అక్కర్లేదండి. మీరు మాత్రం దయచేసి మా అమ్మతో అనకండి."

జయకృష్ణ ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఈశ్వరప్రసాద్ గారికి ఒక్క ముక్కా నమ్మబుద్ధి కాలేదు. లారీ అక్కర్లేదంటే కొన్నవాళ్ళే తెచ్చుకుంటున్నారన్నమాట. కన్నతల్లికి కూడా చెప్పట్లేదంటే బేరం చాలా పెద్దదన్నమాట, రేపటికి రేటు మునిగిపోతుందన్నమాట. ఆయన గట్టు దిగేలోపే ఇంకో ముఠాకి ఫోను చేశారు. ఆయన వల దించడం చూసి అవతలి చెరువువాళ్ళు దించారు. వాళ్ళని చూసి ఆ అవతలివాళ్ళు. ఆకివీడులో ఐసు దొరక్క కైకలూరుకి మనుషులు పరిగెత్తారు. ఇందుజ క్లాసు వేళకి గట్టు మీద లారీలు ఎదురుబొదురుగా ఇరుక్కుపోయి, వెనక్కి నువ్వు తియ్యంటే నువ్వు తియ్యని డ్రైవర్లు అరుచుకుంటున్నారు.

జయకృష్ణ ఇవేమీ పట్టించుకునే స్థితిలో లేడు. నడుంలోతు నీళ్ళలో నిలబడి పెద్ద చేపని పొట్ట కింద రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు. ఎలీయాజరు ఫోను పట్టుకుని క్లాసు కాల్లో చేరాడు. చేప తోకతో ఒక్కటిచ్చింది. రెండో తరగతి పిల్లలు బెంచీలెక్కారు.

"ఇందుజా, ఆ అరుపులేంటమ్మా? మీ చెరువు దగ్గర ఏదైనా గొడవా?" అంది రూబీ టీచర్. చంద్రకళ మ్యూట్ తీసింది. ఈసారి సరిగ్గానే తీసింది.

"తెలీదు టీచర్. నేను చెప్పనా?"

చంద్రకళ మ్యూట్ తీసింది. ఇందుజ లేచి నిలబడి, తనే చెయ్యి చాపి వీడియో కూడా పెట్టేసింది. మచ్చల మొహం, గులాబీరంగు లోషను, చెవి వెనక వేపాకు, అన్నీ క్లాసుకి కనిపించాయి. ఎవరూ నవ్వలేదు.

"ఇది మా చెరువులో చేప. ఇది మొప్పలతో గాలి పీలుస్తుంది. దీనికి తవుడు ఇష్టం. దీన్ని శీలావతి చేప అంటారు," అన్నది.

"బొచ్చె తల్లీ అది," అని వెనకనుంచి వినిపించింది. "తలకాయ అంతుంటే శీలావతి అంటావేంటి, పరువు పోద్ది."

వెంకటనరసమ్మ గారు. మజ్జిగ గ్లాసుతో వచ్చి ఎప్పటినుంచి నిలబడ్డారో ఏమో. చంద్రకళ వేపరెమ్మ కింద పడేసింది. అక్కడ చెరువులో జయకృష్ణకి తల్లి గొంతు వినిపించి చేప జారబోయింది. ఆవిడ ఫోను దగ్గరికి వంగారు.

"కృష్ణా, అది బతికుందా?"

"ఉందమ్మా. నీళ్ళలోనే ఉంది."

"పిల్ల చెప్పడం అయ్యాక వదిలెయ్యి. చూడ్డానికి దోషమేముంది, అమ్మవారు కూడా చూస్తుంది. ఈమాత్రం దానికి నాకు చెప్పకుండా ఎందుకురా? అడిగితే కాదంటానా?"

కాదంటారని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. "బొచ్చె టీచర్," అని ఇందుజ దిద్దుకుంది. సూర్యతేజ ఫోను దగ్గరికొచ్చి చేపనీ ఇందుజనీ మార్చి మార్చి చూశాడు.

"ఉంది టీచర్. కానీ ఇందుజ అంత లేదు."

"నేను కూర్చుంటే నా అంతే," అంది ఇందుజ. టీచర్ కూర్చోమని చూసి, ఒప్పుకుంది. ఇందుజ నాయనమ్మ చేతిలో మజ్జిగ గుక్కెడు తాగి, సోమవారానికి పెచ్చులు రాలిపోతాయా, బడికి వెళ్ళొచ్చా అని అడిగింది.

జయకృష్ణ చేపని వదిలేశాడు. వల ఎత్తించి మిగతావాటినీ వదిలేయించాడు. గట్టు మీదివాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. అప్పటికి వాళ్ళ చేపలన్నీ ఐసు పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. అన్ని చెరువుల సరుకూ ఒక్కసారే వచ్చి పడేసరికి సాయంత్రానికి రేటు నిజంగానే పడిపోయింది. ఇందుజకి నీళ్ళు పోసి, జయకృష్ణ తీరుబడిగా లారీ మాట్లాడుకునే వేళకి చుట్టుపక్కల చెరువుల్లో చేపే లేదు. రేటు దానంతటది లేచింది.

"ఒక్క చేపని పట్టి వదిలి, మా అందరి చేతా చెరువులు ఊడ్పించావు కదయ్యా," అన్నారు ఈశ్వరప్రసాద్ గారు ఆ లారీ దగ్గరికొచ్చి. ఆయన మొహం చూసి జయకృష్ణకి నిజంగా జాలేసింది.

"మా పాప పాఠం కోసమండి. ఒట్టు."

"చెప్పకపోతే మానెయ్. వెటకారం దేనికి."

ఆ రాత్రి భోజనాల దగ్గర, వచ్చేవారం పాఠం కోళ్ళ గురించని ఇందుజ చెప్పింది. తాడేపల్లిగూడెం వైపు కోళ్ళఫారాలున్న బంధువులకి ఈ సంగతి తెలియకపోతే మంచిదని జయకృష్ణకి అనిపించింది గానీ, ఎవరికీ చెప్పొద్దనడానికి మాత్రం ధైర్యం చాలలేదు.