ఎనిమిదో అక్షరం

గోడవతలి పిన్నికి టీకొట్టావిడ చెప్పిందట. పిన్ని మోసుకొచ్చి బోర్డుల పంతులు భార్య చెవిలో వేసింది. ఆయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుండగానే ఆవిడ అందుకుంది.

"మా తమ్ముడి కొట్టు ముందు కుర్చీ వేయించుకుని, దారినపోయేవాళ్లకి ఇంగ్లీషు చెబుతున్నారట. మధ్యమధ్య టీలట, బిస్కెట్లట."

బోర్డులు రాసేవాణ్ణి పంతులు అనడానికి కారణం చదువు కాదు, నోరు. బావమరిది పెన్నులూ కాగితాలూ అమ్మే కొట్టు పెడుతుంటే, స్టేషనరీ అని ఇంగ్లీషులో రాసిస్తానన్నాడు. రాశాడు కూడా. ఎనిమిదో అక్షరం మాత్రం వదిలేశాడు. బోర్డు పన్నూడిన నోటితో వీధిని చూసి నవ్వుతోంది.

"తొందరపడితే ఎలాగే? కూత ఒకటే, కాపురాలు వేరు. అక్కడ ఒక అక్షరం పెడితే పెన్నులూ కాగితాలూ. ఇంకోటి పెడితే ఉన్నచోటే పడి ఉండే వస్తువు. ‘ఏ’ దేనికో, ‘ఈ’ దేనికో తేలాలి."

"ఎల్లుండి కొట్టు తెరవాలి వాడు. మరి మన వంటింటి గోడకి సున్నం?"

"బోర్డు తేలాక."

కిటుకంతా అక్కడే ఉంది. బోర్డు తేలనంతకాలం ఆ పొగచూరిన గోడ జోలికి పోనక్కర్లేదు. పైగా బావమరిది మర్యాదలు.

మర్నాడు పంతులు ఒక లాయరు గుమాస్తాని ఆపి కూతలూ కాపురాలూ వివరిస్తుండగా, భార్య కొంగు బిగించి వచ్చింది. చేతిలో అట్టముక్క. పంతులు బిస్కెట్ పక్కన పెట్టి కుర్చీలోంచి లేచాడు.

అట్టలో అక్షరం ఆకారం కోసి, బోర్డుకి ఆనించి రంగు పుయ్యడం పంతులు పద్ధతి. పని ఒప్పుకున్న రోజే అన్నీ కోసి, వరస తప్పకుండా మూలన అంకె వేసుకుంటాడు.

"పరుపు ఎండేద్దామని ఎత్తితే కింద దొరికిందిరా తమ్ముడూ," అంటూ ఆవిడ నిచ్చెనెక్కింది. అట్ట ఆనించి కుంచె తిప్పింది. ఖాళీలో ఇంగ్లీషు ‘ఈ’ చక్కగా కూర్చుంది.

గుమాస్తా అట్ట అందుకుని మూల చూశాడు. "ఎనిమిది అని వేసుంది. ఇది మీ రాతేగా పంతులుగారూ?"

"అది... మొదట్లో అలా అనుకుని... తర్వాత అనుమానమొచ్చి..."

"టీ చెప్పనా బావా?" అన్నాడు బావమరిది, నవ్వాపుకోలేక.

"టీ వద్దు. కుర్చీ లోపల పెట్టి, నిచ్చెన మా ఇంటికి పంపు," అంది అక్క.

"గోడంటే మాటలా? ముందు దాని తీరు చూడాలి, ఆలోచించాలి..."

"ఆ గోడ మీద అక్షరాలేం లేవు. పదండి."